రాధామనోహరం నిండుగా పూయాలంటే: పందిరి నుంచి కత్తిరింపు దాకా

"తీగ డాబా దాటిపోయింది, ఆకు దట్టంగా ఉంది, పువ్వు మాత్రం లేదు." దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు రాధామనోహరం పెంచేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. రెండో ప్రశ్న: "పందిరి కూలిపోయింది, తీగను ఏం చెయ్యాలి?"

రెండు చిక్కులూ ఒకచోటే మొదలవుతాయి. మొక్కను ముందు నాటేసి, పందిరి సంగతి, కత్తిరింపు సంగతి తర్వాత చూద్దాం అనుకుంటాం. ఈ తీగ మనం పట్టించుకోకపోయినా బతికేస్తుంది. దాన్ని అదుపులో పెట్టి పూయించడమే మన పని. అందుకే కింద చెప్పిన వరుసలోనే చేయండి, పందిరి సిద్ధం కాకుండా మొక్క కొనొద్దు.

1. చోటు ఎంచుకోవడం

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. తూర్పు, దక్షిణం, పడమర, ఏ వైపైనా ఫర్వాలేదు. ఇంటికి ఉత్తరాన గోడ నీడలో గానీ, మామిడి, పనస చెట్ల కింద గానీ నాటితే ఆకులతోనే సరిపెట్టుకోవాలి.

పూలు విచ్చేది పొద్దు వాలాక. వాసన రాత్రి పూటే ఎక్కువ. కాబట్టి సాయంత్రం మీరు కూర్చునే అరుగు దగ్గరో, పడకగదికి గాలి వచ్చే దిక్కునో ఉంటే బాగుంటుంది. అలాగని కిటికీకి ఆనించి పెట్టకండి, నాలుగైదు అడుగుల దూరం ఉంచండి. దట్టమైన తీగలో ఎలుకలు చేరతాయి, వాటి వెనకే పాములు వస్తాయి.

నాటే ముందు ఇవి చూసుకోండి:

- పైన కరెంటు సర్వీసు వైరు లేదు
- గోడకు కనీసం రెండు మూడు అడుగుల దూరం ఉంది
- సెప్టిక్ ట్యాంకు, నీళ్ల పైపులు దగ్గర్లో లేవు
- పక్కింటి ప్రహరీ మరీ ఆనుకుని లేదు (తీగకు హద్దులు తెలియవు, గొడవ మాత్రం మీకొస్తుంది)
- వానాకాలంలో నీళ్లు నిలవవు

2. ముందు పందిరి

ఈ తీగ ఇరవై అడుగులు సునాయాసంగా దాటుతుంది. మూడో ఏడు వచ్చేసరికి మొదలు మణికట్టంత లావెక్కుతుంది. వానకు తడిసిన ఆకు బరువు, దాని మీద గాలి తోపు కలిస్తే మామూలు వెదురు పందిరి ఆగదు. పైగా మన ఎర్రనేలల్లో పాతిన వెదురు గడకు రెండు మూడేళ్లలో చెద పట్టేస్తుంది. కాకర పాదుకు వేసిన పందిరిని దీనికి వాడుకుందాం అనుకోకండి.

రెండంగుళాల జీఐ పైపులు గానీ, సిమెంటు స్తంభాలు గానీ తీసుకోండి. రెండడుగుల లోతు గొయ్యి తీసి కాంక్రీటు పోసి నిలబెట్టాలి. పైన కూడా పైపులతోనే చట్రం వెల్డింగ్ చేయించండి. చట్రంలో జీఐ వైరును అడుగుకో వరుస చొప్పున నిలువుగా, అడ్డంగా లాగి కట్టండి. చిన్న గళ్ల మెష్ చూడ్డానికి బాగుంటుంది కానీ కత్తిరించే రోజున చెయ్యి దూరదు, ఎండుకొమ్మ బయటికి రాదు.

ఎత్తు ఏడెనిమిది అడుగులు చాలు. స్టూలు మీద నిలబడితే పందిరి పైభాగం చేతికి అందాలి. అందని తీగను ఎవరూ కత్తిరించరు. కత్తిరించకపోతే పువ్వు రాదు.

గేటు మీద ఆర్చి పెట్టేవాళ్లు కనీసం నాలుగడుగుల వెడల్పు ఉండేలా చూసుకోండి. ఎందుకంటే తీగకు ముళ్లుంటాయి. ఆకు రాలినా కాడ మొదలు కొమ్మకే అంటుకుని ఉండి, ఎండి, గట్టిపడి, కొక్కెంలా వంగి ముల్లవుతుంది. తీగ వాటి ఆసరాతోనే ఎక్కుతుంది. ఇరుకు ఆర్చి కింద నడిచే వాళ్ల చీర కొంగులూ వాటికే తగులుకుంటాయి.

పెంకుటింటి కప్పు మీదికి, సిమెంటు రేకుల మీదికి అసలు ఎక్కనివ్వొద్దు. చిగురు పెంకు సందులో దూరి లావెక్కితే పెంకు లేచిపోతుంది. వానాకాలం దాకా ఆ సంగతి తెలియదు.

3. మొక్క తెచ్చుకోవడం

ఒడియా నర్సరీలో అడిగేటప్పుడు 'మధుమాలతి' అనండి, వెంటనే తెలుస్తుంది. ఉత్త 'మాలతి' అంటే వేరే తెల్లపూల తీగ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. పూలతో ఉన్న మొక్కనే ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు.

మూడు రకాలు దొరుకుతాయి:

- రేకు రకం: ఐదు రేకులు, పొడవాటి కాడ. వాసన బాగుంటుంది, తీగ జోరుగా సాగుతుంది. పందిరికి ఇదే సరి.
- ముద్ద రకం: గుత్తి నిండుగా కనిపిస్తుంది. గేటు ఆర్చికి అందం.
- పొట్టి రకం: తీగ సాగకుండా పొదలా ఉంటుంది. కుండీకి పనికొస్తుంది. వాసన మీద ఆశ పెట్టుకోకండి.

వాసన కోసం పెంచేవాళ్లకు నా సలహా రేకు రకమే. ఒకే గుత్తిలో మూడు రంగులు దీంట్లోనే తేటగా కనిపిస్తాయి. సాయంత్రం విచ్చినప్పుడు తెలుపు, మర్నాటికి గులాబీ, మూడోనాటికి ఎరుపు. తెల్లగా విచ్చిన పువ్వు బయటికి చూస్తుంది, రంగు తిరిగే కొద్దీ కిందికి వాలుతుంది. వాసన చూడాలనుకుంటే ఆ రాత్రి విచ్చిన తెల్లపూల దగ్గరే చూడాలి.

కవరు మొక్క కొనేటప్పుడు అడుగు భాగం చూడండి. వేళ్లు బయటికొచ్చి గుండ్రంగా చుట్టుకుని ఉంటే వద్దు. ఆరడుగుల తీగను చూసి మురిసిపోవద్దు. రెండడుగుల ఎత్తులో, మొదట్లోనే రెండు మూడు కొమ్మలేసిన మొక్క మేలు. కడియం నర్సరీల నుంచి లారీలో దిగిన మొక్కైతే వారం రోజులు మీ పెరట్లో సగం నీడలో ఉంచి, తర్వాత నాటండి.

4. గుంత, మట్టి

నాటడానికి రెండు వారాల ముందే గుంత తవ్వి ఎండకు వదిలేయండి. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. రాయగడ, కోరాపుట్ వైపు గట్టి ఎర్రమట్టికి పార చాలదు. గునపంతో అడుగున మరో అర అడుగు గుల్ల చేయండి. లేకపోతే గుంత నీళ్లు పట్టే తొట్టెలా తయారవుతుంది.

నింపడానికి కొలత:

- తవ్విన మట్టి రెండు వంతులు
- బాగా మాగిన పశువుల గెత్తం ఒక వంతు
- వేపపిండి రెండు గుప్పిళ్లు
- బంకమట్టి అయితే ఇసుక ఒక వంతు (గోపాలపూర్, ఛత్రపురం వైపు ఇసుక నేలల్లో ఇది మానేసి గెత్తం రెట్టింపు చేయండి)

పచ్చి పేడ వేయకండి. వేళ్లు మాడతాయి, చెదలు చేరతాయి. ఎర్రనేల పులుపు అని సున్నం చల్లే పని కూడా పెట్టుకోవద్దు, ఈ తీగకు అది అడ్డు కాదు.

5. నాటడం

తొలకరి పడి నేల తడిసిన తర్వాత, జూన్ నెలాఖరు నుంచి జూలై చివరి దాకా మంచి అదను. మన వైపు రథయాత్ర రోజులని గుర్తుపెట్టుకోండి. నీటి వసతి ఉంటే ఫిబ్రవరిలోనూ నాటొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు.

1. సాయంత్రం పూట నాటండి. ముందు కవరులో మొక్కకు నీళ్లు పోసి అరగంట ఆగండి.
2. కవరు నిలువునా కోసి తీయండి. మట్టిముద్ద విడిపోకూడదు.
3. కవరులో మట్టి ఎంత ఎత్తున ఉందో గుంతలోనూ అంతే ఉండాలి. మొదలు పూడ్చొద్దు.
4. మొక్కను పందిరి గుంజ వైపు కొద్దిగా వాల్చి నిలబెట్టండి. గుంజకు అడుగు దూరం ఉంచండి.
5. మట్టి అదిమి, చుట్టూ రెండడుగుల పాదు చేసి, బిందెడు నీళ్లు నెమ్మదిగా పోయండి.
6. పాదులో ఎండుటాకులో వరిగడ్డో పరచండి. మొదలుకు మాత్రం తగలనివ్వొద్దు.

మొదటి పది రోజులు ఆకు వాడినా, కొంత రాలినా బెంగ పడకండి. కొత్త చిగురు మొదలు దగ్గర కనిపిస్తే మొక్క పట్టినట్టే.

6. మొదటి ఏడాది తీగను మలచడం

మొక్క మొదట పొదలా ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా పొడుగాటి కొమ్మలు పంపుతుంది. వాటిలో బలంగా ఉన్న మూడింటిని ఉంచి, మిగతావి మొదలుకు కోసేయండి. ఆ మూడింటినీ గుంజ పొడవునా, అడుగుకో కట్టు చొప్పున గోగునార తాడుతో వదులుగా కట్టండి. బైండింగ్ వైరుతో కట్టొద్దు. కొమ్మ లావెక్కాక వైరు లోపలికి కోసుకుపోతుంది.

గుంజ చుట్టూ మెలితిప్పి ఎక్కించే అలవాటు చాలామందికి ఉంది. చూడ్డానికి బాగున్నా, రెండేళ్ల తర్వాత ఎండుకొమ్మ తీయాలంటే మొత్తం చిక్కుముడే. నేరుగా పైకి తీసుకెళ్లండి.

కొమ్మ పందిరి పైకి చేరగానే కొస గిల్లేయండి. గిల్లకపోతే అదొక్కటే అవతలి అంచు దాకా పరిగెడుతుంది, మధ్యలో పందిరి ఖాళీగా ఉంటుంది. గిల్లిన చోట పక్క కొమ్మలు వస్తాయి, వాటిని వైర్ల మీద నాలుగు దిక్కులకూ సర్దండి. మొదటి ఏడాది పూలు తక్కువే. రెండో వేసవికి అసలు పూత చూస్తారు.

7. నీళ్లు, ఎరువు: కొంచెం పిసినారితనం

మొదటి వేసవిలో రోజు విడిచి రోజు బిందెడు నీళ్లు. వేళ్లు దిగాక, రెండో వేసవి నుంచి, వారానికి ఒకటి రెండుసార్లు పాదు నిండేలా పోస్తే చాలు. రోజూ చెంబెడు పోయడం కంటే ఇదే మేలు. వానలు పడుతున్నప్పుడు అసలు పోయొద్దు.

పెరటి కుళాయి నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు ఎప్పుడూ పారే కాలువ పక్కన తీగ నాటితే ఏమవుతుందో గమనించే ఉంటారు. ముదురు ఆకుపచ్చ, చెయ్యంత ఆకు, పువ్వు సున్న. యూరియా వేసినా అంతే. పచ్చిక వేసుకున్నవాళ్లు దానికి చల్లిన యూరియా వానకు పారి తీగ పాదులో చేరకుండా చూసుకోండి.

ఏడాదికి రెండుసార్లు చాలు:

- ఫిబ్రవరి, కత్తిరింపు కాగానే: తట్టెడు మాగిన గెత్తం, రెండు గుప్పిళ్లు వేపపిండి, గుప్పెడు ఎముకల పిండి.
- జూన్, తొలి వానల తర్వాత: అర తట్ట గెత్తం, కట్టెల పొయ్యి బూడిద ఒక గుప్పెడు.

సెప్టెంబరు తర్వాత ఏమీ వేయొద్దు.

8. కత్తిరింపు

పువ్వు వచ్చేది కొత్త చిగురు కొసన. పాత కొమ్మ ఎంత పొడుగున్నా దాని మీద పూత రాదు, దాన్నుంచి పుట్టిన లేత కొమ్మ మీదే వస్తుంది. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. కొత్త చిగురు ఎంత పుట్టిస్తే అంత పూత.

*ఏడాదికోసారి గట్టి కత్తిరింపు.* పర్లాకిమిడి, బరంపురం లాంటి వేడి ఊళ్లలో జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో. కోరాపుట్, జయపురం వైపు చలి ఎక్కువ, తొందరపడొద్దు. రాత్రి చలి తగ్గి, కణుపుల దగ్గర చిగురు ఉబ్బడం కనిపించాక ఫిబ్రవరి చివర కోయండి. చలికాలంలో అక్కడ ఆకు పసుపెక్కి చాలావరకు రాలిపోతుంది. అది రోగం కాదు.

1. చేతులకు మందపాటి గ్లవ్స్, కళ్లకు అద్దాలు. ముళ్లు గీసుకుంటే మంట పుడుతుంది.
2. ముందు ఎండినవి తీయండి. గోరుతో గీరితే లోపల పచ్చగా ఉంటే బతికున్న కొమ్మ, గోధుమ రంగుంటే ఎండింది.
3. తర్వాత పెన్సిల్ కంటే సన్నగా ఉండి, ఒకదాన్నొకటి చుట్టుకున్నవి తీయండి. ఒక్కసారిగా లాగొద్దు, ముక్కలుగా కోసి తీయండి.
4. మిగిలిన పక్క కొమ్మల్ని రెండు మూడు కణుపులు ఉంచి కోయండి. ఆకులు ఎదురెదురుగా పుడతాయి కాబట్టి కణుపుకు అర అంగుళం పైన అడ్డంగా కోస్తే రెండు వైపులా చిగురేస్తుంది.
5. మొదలు నుంచి వచ్చే పెద్ద కొమ్మలు మూడు నుంచి ఐదు. అంతకు మించి ఉంచొద్దు.

పని అయ్యాక పందిరి బోడిగా కనిపిస్తుంది. పచ్చని తీగను ఇలా నరుకుతావేంటని ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా కోప్పడతారు. ఏప్రిల్ నెలాఖరు దాకా ఓపిక పట్టమనండి.

*పూత తర్వాత తేలిక కత్తిరింపు.* గుత్తిలో పూలన్నీ ఎర్రబడి రాలిపోయాక, ఆ కొమ్మను అడుగు దాకా వెనక్కి కోయండి. మళ్లీ చిగురు, మళ్లీ పూత. చాలామంది వదిలేసే పని ఇదే. వేసవి పూతతో ఆగిపోయే తీగకూ, వానాకాలం చివరి దాకా పూసే తీగకూ తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది.

*పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని తీగ.* పైన ఆకు, కింద అంతా ఎండు కొమ్మల గూడు. ఈ ఏడాది సగం కొమ్మల్ని నేల నుంచి మూడడుగుల ఎత్తుకు కోయండి, మిగతా సగం వచ్చే ఫిబ్రవరిలో. చెయ్యి పెట్టే ముందు కర్రతో గూడును బాగా కదపండి, లోపల ఎవరున్నారో తెలియదు.

9. డాబా మీద, కుండీలో

పద్దెనిమిది అంగుళాల కంటే చిన్న కుండీలో ఈ తీగ పెట్టకండి. ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి అడుగున ఐదారు రంధ్రాలు పెట్టుకుంటే చవక. మట్టి రెండు వంతులు, వర్మీకంపోస్టు ఒక వంతు, కోకోపీట్ ఒక వంతు. కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టండి, లేకపోతే వేళ్లు రంధ్రాల్లోంచి శ్లాబు మీదికి పాకుతాయి.

వేసవిలో కుండీకి రోజూ నీళ్లు తప్పవు. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో బయటికి తీసి, చుట్టూ రెండంగుళాల వేళ్లు కత్తితో చెక్కి, కొత్త మట్టితో మళ్లీ పెట్టాలి. తీగను డాబా పిట్టగోడ గ్రిల్ మీద అడ్డంగా పాకించండి. నిలువుగా పోయే కొమ్మ కంటే అడ్డంగా వంచిన కొమ్మ ప్రతి కణుపు దగ్గరా చిగురేస్తుంది.

10. పిలకలు, కొత్త మొక్కలు

నేలలో వేళ్ల నుంచి దూరదూరంగా పిలకలు లేస్తాయి. వానాకాలంలో నెలకోసారి పాదు చుట్టూ తిరిగి చూడండి. పైన కోస్తే మళ్లీ వస్తుంది, మట్టి తీసి వేరు దగ్గర నుంచి తెంపాలి.

ఎవరికైనా మొక్క ఇవ్వాలంటే ఇదే సులువైన దారి. జానెడు పిలకను కొంచెం వేరుతో సహా తీసి కవరులో పెట్టి, నీడలో నెల రోజులు ఉంచండి. కొమ్మ ముక్కలు కూడా వేళ్లేస్తాయి కానీ అన్నీ బతకవు, పది పెడితే సగం దక్కితే సంతోషించాలి. నేలకు వాలిన కొమ్మను ఒకచోట చిన్న గాటు పెట్టి మట్టిలో పూడ్చి, పైన రాయి పెడితే వానాకాలంలో రెండు నెలల్లో వేళ్లు వస్తాయి.

కాయ కాయడం మన దగ్గర అరుదు. కాస్తే పిల్లల చేతికి అందనివ్వకండి. ఐదు అంచులున్న ఆ ఎండుకాయలోని గింజ తింటే వాంతులు, వెక్కిళ్లు పట్టుకుంటాయి.

11. పురుగులు

పెద్ద బెడదలు తక్కువ. పిండినల్లి, పేనుబంక లేత కొసలకు పడతాయి. చీమల బారు కనిపిస్తే అక్కడ వెతకండి. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోపు కలిపి, ఎండ తగ్గాక ఆకు అడుగున తడిసేలా కొట్టండి. విచ్చిన గుత్తుల మీద వద్దు, రాత్రి తేనె కోసం పొడవాటి తొండంతో రెక్కల పురుగులు వస్తాయి. వారానికోసారి చొప్పున మూడుసార్లు చాలు.

ఆకు అంచున నాణెంతో కోసినట్టు గుండ్రటి ముక్కలు పోయి ఉంటే మందు కొట్టకండి. అది గూటి కోసం ఆకు కోసుకెళ్లే తేనెటీగ జాతి పని. తీగకు ఏమీ కాదు.

12. తేడా ఎక్కడొచ్చింది?

- ఆకు దట్టం, పువ్వు లేదు: ఎండ, కత్తిరింపు, ఎరువు, ఈ వరుసలో అనుమానించండి. అన్నీ సరిగ్గా ఉంటే నీళ్లు తగ్గించి చూడండి.
- పందిరి అంచున పూలు, మధ్యలో ఖాళీ: కొస గిల్లలేదు. పొడుగు కొమ్మను వెనక్కి మళ్లించి మధ్య వైర్లకు కట్టండి.
- మొగ్గలు విచ్చకుండా రాలుతున్నాయి: మే నెలలో అయితే నీళ్లెద్దడి, ఆగస్టులో అయితే పాదులో నీళ్లు నిలుస్తున్నాయి.
- ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా: ఇనుము అందడం లేదు. సిమెంటు, సున్నం పడిన గోడ పక్కన ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మట్టి మార్చి గెత్తం వేయండి.
- వాసన లేదు: పగలు చూస్తున్నారేమో. రాత్రి ఎనిమిది తర్వాత తెల్లపూల దగ్గరికి వెళ్లండి. అప్పుడూ లేకపోతే పొట్టి రకం అయ్యుంటుంది.

13. తుపాను నెల

గంజాం, గజపతి జిల్లాల్లో ఉన్నవాళ్లకు అక్టోబరు గురించి వేరే చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. దట్టమైన పందిరి గాలికి తెరచాపలా పట్టుకుంటుంది. గుంజలు వంగేది గాలికంటే ఈ పట్టు వల్లే.

సెప్టెంబరు చివరి వారంలో పందిరి పైన ఆకును మూడో వంతు పల్చన చేయండి. కింద నిలబడి చూస్తే ఆకాశం అక్కడక్కడా కనిపించాలి. వెల్డింగ్ అతుకులు, గుంజ మొదట్లో తుప్పు చూడండి. వేలాడే పొడుగు కొమ్మలు కోసేయండి. అప్పటి పూలు కొన్ని పోతాయి, పోనివ్వండి.

పందిరి కూలిపోయినా తీగను పీకేయకండి. ముందు కరెంటు తీగలు ఏవీ దాని మీద పడలేదని చూసుకుని, నేల నుంచి రెండడుగులు ఉంచి మిగతాదంతా కోసి తీసేయండి. మొదలు కదిలి ఉంటే మట్టి తొక్కి, పాదు మళ్లీ కట్టండి. చలికాలం అలాగే మోడుగా ఉంటుంది, ఎరువు వేయొద్దు. ఫిబ్రవరిలో మోడు నుంచి చిగుర్లు లేచేలోగా కొత్త గుంజలు పాతి, కాంక్రీటుకు వారం పాటు నీళ్లు పట్టి, ఆ తర్వాత మూడు కొమ్మల్ని ఎంచుకుని మళ్లీ ఆరో అంకె దగ్గర నుంచి మొదలుపెట్టండి.